కూర్పు శిల్పి ఐజెన్‌స్టీన్

కావ్యానికి పదం, గానానికి స్వరం, చిత్రలేఖనానికి రేఖ మూలద్రవ్యాలన్న సంగతి నిర్వివాదం. చలనచిత్రానికి మూలద్రవ్యమేది? ఈ ప్రశ్నకు తొలినాళ్ళలో కొందరు నటుడన్నారు, కొందరు కథ అన్నారు, మరికొందరు కెమెరా అన్నారు. 1920 తరువాతి దశాబ్దంలో రష్యా దేశపు యువ కళాకారులు కొందరు ఈ మూడింటినీ కాదన్నారు. కెమెరా పట్టి తెచ్చిన దృశ్యఖండం వారి దృష్టిలో గనినుండి తీసిన ముడిఖనిజం వంటిది. ఒక ఖండాన్ని కత్తిరించి మరొక ఖండం సరసన అతికినప్పుడు మాత్రమే చలనచిత్రం జన్మిస్తుందని వారు నమ్మారు. తెలుగు చిత్రాల ఆరంభంలో కళాకారుల పేర్లు తెరమీద కనిపించేటప్పుడు కూర్పు అన్న మాటతో వచ్చే పని ఇదే. ఫ్రెంచివారు దీనిని మాంటాజ్ అన్నారు. రష్యనులు ఆ మాటనే తమ భాషలోకి తెచ్చుకున్నారు.

ఈ విద్యకు సూత్రాలు చెప్పిన లాక్షణికులు కొందరున్నారు. ఈ విద్యలో ఆరితేరిన ప్రయోక్తలు మరికొందరున్నారు. లక్షణాన్నీ లక్ష్యాన్నీ తానే నిర్మించినవాడు సెర్గీ ఐజెన్‌స్టీన్. చిత్రానికి అర్థాన్ని నిర్ణయించేది కత్తెర అని లోకానికి చాటిన ఈ శిల్పి, ఆ కత్తెర పరుల చేతికి చిక్కితే ఏమవుతుందో కూడ తన జీవితంలోనే అనుభవించి తెలుసుకున్నాడు. అందుచేత ఆయన చరిత్ర కూర్పు విద్యకు ఒక వ్యాఖ్యానంగా నిలిచింది.

రీగా నుండి మాస్కోకు

ఐజెన్‌స్టీన్ 1898 జనవరిలో రీగా నగరంలో జన్మించాడు. ఆనాడు రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉన్న ఆ రేవుపట్టణం నేడు లాట్వియా దేశానికి రాజధాని. తండ్రి మిహైల్ ఐజెన్‌స్టీన్ పేరుమోసిన భవననిర్మాణ శిల్పి. ఆయన రూపకల్పన చేసిన మేడల ముఖభాగాలమీది వింత ముఖాలూ, లతలూ, విగ్రహాలూ నేటికీ యాత్రికులను నిలబెట్టి చూపించుకుంటాయి. తల్లి యూలియా సంపన్నులైన వర్తకుల ఆడపడుచు. దంపతుల మధ్య పొత్తు కుదరలేదు. కుమారుని చిన్నతనంలోనే సంసారం రెండుగా చీలిపోయింది. తల్లి పీటర్స్‌బర్గ్ వెళ్ళిపోగా బాలుడు తండ్రివద్ద రీగాలో పెరిగాడు. బొమ్మలు గీయడం, సర్కసు చూడడం, పుస్తకాలు చదవడం అతని ఒంటరితనానికి తోడయ్యాయి.

తండ్రి అభీష్టం మేరకు అతడు పెట్రొగ్రాడ్‌లో సివిల్ ఇంజనీరింగు విద్యాలయంలో చేరాడు. 1917 నాటి విప్లవం ఆ చదువును మధ్యలోనే ఆపివేసింది. 1918లో అతడు ఎర్రసైన్యంలో ప్రవేశించాడు. తండ్రి ఎదుటిపక్షం వహించి, చివరకు జర్మనీకి వలసపోయి అక్కడే మరణించాడు. సైన్యంలో ఇంజనీరింగు విభాగంలో పనిచేసే రోజులలో నదిమీద పడవల వంతెన కట్టడం అతడు చూశాడు. ఎందరో మనుషులు, ఎన్నో చేతులు ఒకే లయకు ఒదిగి, విడివిడి భాగాలను ఒక నిర్మాణంగా కలపడం అతని మనసులో చెరగని ముద్రవేసింది. భాగాలను పొందికగా కలపడంలో ఒక సౌందర్యమున్నదన్న భావం ఆయనకు ఇంజనీరుగానే మొదట కలిగింది.

1920లో ఆయన మాస్కో చేరాడు. అక్కడికి రావడానికి నిమిత్తమైనది జపాను భాషాధ్యయనం. ఆ చదువు కొద్దికాలమే సాగినా, జీవితాంతం నిలిచే ఒక వెలుగును ఇచ్చింది. జపానువారి చిత్రలిపిలో నోటి బొమ్మ పక్కన కుక్క బొమ్మ గీస్తే అది నోరూ కాదు, కుక్కా కాదు. మొరగడం అని అర్థం. నోటి పక్కన పక్షిని గీస్తే కూయడం అని అర్థం. గీసినవి రెండూ కంటికి కనిపించే వస్తువులు. వాటి కలయికవల్ల పుట్టినది మాత్రం ఒక క్రియ, ఒక భావం.

తెలుగు విద్యార్థికి ఈ మర్మం కొత్తది కాదు. మూడు అన్న మాటకూ, కన్ను అన్న మాటకూ వేరువేరు అర్థాలున్నాయి. రెండూ కలిసి ముక్కంటి అయినప్పుడు అంకె గాని అవయవం గాని ప్రధానం కాదు, శివుడు స్ఫురిస్తాడు. అన్యపదార్థ ప్రధానమైన ఈ సమాసానికి వ్యాకరణవేత్తలు బహువ్రీహి అని పేరు పెట్టారు. రెండు దృశ్యఖండాలు కలిసి ఆ రెండింటిలోనూ లేని మూడవ అర్థాన్ని పుట్టించాలన్నది తరువాతి కాలంలో ఐజెన్‌స్టీన్ ప్రతిపాదించిన సిద్ధాంతానికి ప్రాణం.

కత్తెర శక్తి తెలిసిన రోజులు

మాస్కోలో ఆయన మొదట నాటకరంగంలో కాలుపెట్టాడు. ప్రొలెట్‌కుల్ట్ అనే సంస్థ నాటకశాలలో రంగాలంకరణ చేశాడు. సుప్రసిద్ధ ప్రయోక్త మేయర్‌హోల్డ్ వద్ద శిష్యరికం చేశాడు. 1923లో ఓస్త్రోవ్‌స్కీ నాటకమొకదానిని సర్కసు విన్యాసాలతో ప్రదర్శించి, దానిలో ఒక చిన్న చలనచిత్రాన్ని కూడ చేర్చాడు. ఆ సంవత్సరమే ఆకర్షణల కూర్పు అన్న వ్యాసం ప్రకటించాడు. ప్రేక్షకుని మనసును తాకే ఒక్కొక్క ఘట్టాన్ని లెక్కకట్టి, ఒకదాని తరువాత ఒకటి అమర్చి, కోరిన ఫలితాన్ని రాబట్టాలన్నది దాని సారాంశం. 1924లో ఒక నాటకాన్ని నిజమైన గ్యాసు కర్మాగారంలోనే ప్రదర్శింపజేశాడు. అసలు యంత్రాల ముందు నటుల అభినయం వెలవెలపోయింది. నాటకరంగం తన ఆశయానికి చాలదని ఆయన గ్రహించాడు.

అప్పటికే మాస్కోలో లెవ్ కులెషోవ్ అనే యువకుడు కూర్పును ఒక శాస్త్రంగా పరిశోధిస్తున్నాడు. విప్లవానంతరం దేశంలో ఫిల్ముకు తీవ్రమైన కొరత ఏర్పడింది. కొత్తగా చిత్రించే వీలు లేనందున ఆయన బృందం పాత చిత్రాల ముక్కలను అటూ ఇటూ మార్చి అతికి చూసింది. మోజూఖిన్ అనే నటుని నిర్వికారమైన ముఖాన్ని తీసుకొని, ఒకసారి దాని పక్కన సూపు గిన్నెను, ఒకసారి శవపేటికను, ఒకసారి ఆడుకునే పసిపిల్లను చేర్చారు. ముఖం మూడుసార్లూ ఒక్కటే. చూసినవారు మాత్రం ఆ నటునిలో ఆకలినీ, శోకాన్నీ, వాత్సల్యాన్నీ దర్శించారు. భావం నటుని ముఖంలో కాక, రెండు ఖండాల నడుమ, చూపరి హృదయంలో ఉన్నదని ఈ ప్రయోగం తేల్చింది. ఈ బృందం అమెరికా దర్శకుడు గ్రిఫిత్ 1916లో నిర్మించిన 'ఇన్‌టాలరెన్స్' చిత్రాన్ని కూడ శ్రద్ధగా పరిశీలించింది. వేరువేరు చోట్ల ఏకకాలంలో జరిగే సంఘటనలను ఇందులో కొంత, అందులో కొంతగా మార్చిమార్చి చూపి ఉత్కంఠ కలిగించే పద్ధతి వారికి దానినుండే పట్టుబడింది. ఐజెన్‌స్టీన్ కులెషోవ్ వద్ద కొద్ది నెలలు అభ్యాసం చేశాడు.

రెండవ గురువు ఎస్ఫిర్ షూబ్ అనే మహిళ. విదేశాలనుండి వచ్చిన చిత్రాలను సోవియట్ ప్రేక్షకులకు అనువుగా తిరిగి కూర్చడం ఆమె ఉద్యోగం. జర్మనీ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'డాక్టర్ మబూజె' చిత్రాన్ని 1924లో ఆమె తిరిగి కూర్చినప్పుడు ఐజెన్‌స్టీన్ పక్కనుండి సాయపడ్డాడు. ఖండాల వరుస మార్చి, మధ్యలో వచ్చే అక్షరపట్టికలను కొత్తగా రాసి, ఒక కథను మరొక కథగా చేయవచ్చునని అక్కడ తెలుసుకున్నాడు. ఒకరి చిత్రాన్ని వేరొకరు కత్తిరించే ఆ గదిలోనే ఆయన కూర్పు నేర్చుకున్నాడన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఆ విద్య తరువాత ఆయనమీదికే తిరిగివచ్చింది.

నాటి కూర్పుగదిలో సాధనాలు అతి స్వల్పం. 35 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు ఉంటాయి. ఈ బొమ్మలనే ఫ్రేములంటారు. కూర్చేవాడు ఫిల్మును వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, కావలసిన ఫ్రేము వద్ద కత్తిరించి, అంచు గీకి, జిగురు పూసి, తరువాతి ముక్కకు అతికేవాడు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, పక్కన ఏది చేర్చాలి, ఎంతసేపు నిలపాలి అన్న నాలుగు నిర్ణయాలలోనే ఆ విద్య అంతా ఇమిడి ఉన్నది.

సమ్మె, పొటెంకిన్

1924లో చిత్రించి 1925లో విడుదల చేసిన 'సమ్మె' ఐజెన్‌స్టీన్ తొలి సంపూర్ణ చిత్రం. దాని చివరిభాగంలో సైనికులు కార్మికులను కాల్చిచంపే దృశ్యాల నడుమ కబేళాలో ఎద్దును వధించే దృశ్యాలను ఆయన చేర్చాడు. కబేళాకూ ఆ కథకూ సంబంధమే లేదు. రెండూ పక్కపక్కన వచ్చినప్పుడు మనుషులను పశువులవలె నరికారన్న భావం మాట సాయం లేకుండానే గుండెకు తగిలింది. అయితే అది అందరికీ ఒకే విధంగా తగలదని ఆయనే గుర్తించాడు. పశువధ నిత్యకృత్యమైన పల్లెటూరి రైతుకు ఆ దృశ్యంలో విశేషమేమీ కనిపించదు. మూడవ అర్థం పుట్టేది ప్రేక్షకుని అనుభవంలో గనుక, ఎవరికోసం కూరుస్తున్నామో ఎరగనిదే కూర్పు ఫలించదన్న పాఠం మొదటి చిత్రంతోనే లభించింది.

అదే సంవత్సరం, 1905 నాటి తిరుగుబాటు ఇరవయ్యవ వార్షికోత్సవం సందర్భంగా ఒక చిత్రం తీసే బాధ్యత ఆయనకు అప్పగించబడింది. ఆ ఏటి సంఘటనలన్నీ చూపాలన్నది మొదటి సంకల్పం. లెనిన్‌గ్రాడ్‌లో వాతావరణం అనుకూలించక బృందం దక్షిణాన ఒడెస్సా రేవుకు తరలింది. అక్కడ సముద్రంవైపు దిగే విశాలమైన మెట్లవరుసను చూసిన తరువాత, ఒక యుద్ధనౌకలోని నావికుల తిరుగుబాటే చిత్రానికి సర్వస్వమైంది. ఛాయాగ్రాహకుడు ఎడ్వర్డ్ టిస్సే, సహాయకుడు గ్రిగోరి అలెక్సాంద్రోవ్. ఈ విధంగా 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' రూపొందింది. 1925 డిసెంబరు 21న మాస్కోలోని బొల్షోయ్ నాటకశాలలో దానిని మొదటిసారి ప్రదర్శించారు.

ఒడెస్సా మెట్ల ఘట్టం నేటికీ కూర్పు విద్యార్థులకు పాఠ్యభాగం. తుపాకులు పట్టిన సైనికులు వరుసలు కట్టి మెట్లు దిగుతారు. జనం చెల్లాచెదరై కిందికి పరుగెత్తుతారు. సైనికుల అడుగులలో యంత్రపు క్రమం, జనం పరుగులో అయోమయం మార్చిమార్చి వస్తాయి. అందరూ కిందికి పోతూ ఉండగా ఒక తల్లి కాల్పులకు గురైన బిడ్డను చేతులమీద మోసుకుంటూ సైనికులకు ఎదురుగా పైకి నడుస్తుంది. ప్రవాహానికి ఎదురీదే ఆ ఒక్క కదలికతో ప్రేక్షకుని ఊపిరి ఆగిపోతుంది. తరువాత మరొక తల్లి నేలకూలగా, ఆమె వదిలిన పసిపాప తోపుడుబండి మెట్లమీదుగా తనంతట తాను దొర్లిపోతుంది. అంతవరకు బూట్ల అడుగులు నడిపిన లయను ఇప్పుడు బండి చక్రాలు అందుకుంటాయి. విశాలదృశ్యం వెంట సమీపదృశ్యం, గుంపు వెంట ఒక్క ముఖం, కిందికి దిగేదాని వెంట పైకి ఎక్కేది. ఇట్లా ప్రతి అతుకులోనూ ఒక ఘర్షణ ఉన్నది.

కాలాన్ని సాగదీయడం ఈ ఘట్టంలోని మరొక విశేషం. ఆ మెట్లు పరుగున దిగడానికి నిజానికి పట్టే సమయం స్వల్పం. తెరమీద అది ఎన్నో నిమిషాలు సాగుతుంది. భయంలో ఉన్న మనిషికి క్షణం యుగంగా తోస్తుంది గదా. ఆ అనుభవాన్నే కత్తెర సాధించింది. ఇదే చిత్రంలో ఒక నావికుడు కోపంతో పళ్ళెం పగలగొడతాడు. ఆ ఒక్క విసురును వేరువేరు కోణాలనుండి తీసిన చిన్నచిన్న ముక్కలుగా, ఒకదానిపై ఒకటి కొంచెం కప్పుకునేటట్లు కూర్చినందువల్ల చెయ్యి రెండుసార్లు ఎత్తినట్లు కనిపిస్తుంది. కంటికి తప్పుగా తోచవలసినది మనసుకు ఆగ్రహంగా తోస్తుంది.

కాల్పులకు బదులుగా యుద్ధనౌక ఫిరంగులు పేలినప్పుడు మూడు రాతి సింహాలు వస్తాయి. అవి క్రిమియాలోని అలూప్కా రాజభవనంలోని మూడు వేరువేరు విగ్రహాలు. ఒకటి నిద్రిస్తున్నది, ఒకటి కళ్ళు తెరిచినది, ఒకటి లేవబోతున్నది. మూడింటినీ వరుసగా అతికేసరికి ఒకే సింహం నిద్రలేచి గర్జించినట్లయింది. రాయిలో లేని చలనం అతుకులో పుట్టింది.

ఇక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పవలసిన మరొక మాట ఉన్నది. 1905లో ఒడెస్సా నగరంలో సైన్యం చేతిలో ప్రజలు మరణించిన మాట నిజం. ఆ మెట్లమీద, చిత్రంలో చూపిన రీతిగా ఆ హత్యాకాండ జరగలేదు. అయినా చిత్రం చూసిన తరాలవారు దానిని చరిత్రగానే జ్ఞాపకం పెట్టుకున్నారు. కూర్పు శక్తికి ఇది ఎంతటి నిదర్శనమో అంతటి హెచ్చరిక కూడ.

పొటెంకిన్ 1926లో జర్మనీలో విజయవంతమై ప్రపంచమంతటా ఐజెన్‌స్టీన్ కీర్తిని వ్యాపింపజేసింది. బ్రిటన్‌లో బహిరంగ ప్రదర్శనకు 1954 వరకు అనుమతి లభించలేదు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు స్థాపించిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ ప్రథమంగా ప్రదర్శించిన చిత్రం ఇదే.

ఐదు విధాలు

విప్లవ దశాబ్ది సందర్భంగా తీసి 1928లో విడుదల చేసిన 'అక్టోబరు' చిత్రంలో ఆయన మరింత సాహసించాడు. అధికారంలో ఉన్న కెరెన్‌స్కీ పక్కన పురివిప్పే యాంత్రిక మయూరాన్ని చేర్చి అతని డాంబికాన్ని వెక్కిరించాడు. మరతుపాకి పేలేటప్పుడు సైనికుని ముఖాన్నీ తుపాకినీ రెండేసి ఫ్రేముల ముక్కలుగా మార్చిమార్చి అతికాడు. మూకచిత్రంలో కంటితోనే తుపాకి చప్పుడు వినబడింది. దేవుని పేరిట యుద్ధానికి పిలుపునిచ్చేవారిని ప్రశ్నిస్తూ, నానాదేశాల దేవతాప్రతిమలను వరుసగా చూపి ఒక తర్కాన్నే నడిపాడు. సామాన్య ప్రేక్షకులకు ఆ తర్కం అందలేదన్న విమర్శ వచ్చింది. ఈ చిత్రంలోనే, అప్పటికి అధికారం కోల్పోయిన ట్రాట్‌స్కీ కనిపించే దృశ్యాలను తొలగించవలసివచ్చింది. తాను ఎంచుకున్న ముక్కను తాను తీసివేయక తప్పని పరిస్థితి ఆయనకు అప్పుడే ఎదురైంది.

1929లో రాసిన వ్యాసంలో ఆయన కూర్పును ఐదు విధాలుగా విభజించాడు. మొదటిది మాత్రాకూర్పు. ఇందులో లోపల ఏమున్నదన్న దానితో నిమిత్తం లేక, ముక్కల పొడవునుబట్టి తాళం నడుస్తుంది. రెండవది లయకూర్పు. ముక్కలోని కదలికనుబట్టి దాని నిడివి నిర్ణయమవుతుంది. మూడవది ఛాయాకూర్పు. వెలుగునీడలు, పొగమంచు, నీటి తళుకు వంటివి కలిగించే భావచ్ఛాయ ఇందులో సూత్రం. పొటెంకిన్‌లో మరణించిన నావికునికోసం నగరం విలపించడానికి ముందు రేవుమీద కమ్మిన మంచు దీనికి ఉదాహరణం. నాలుగవది అనురణనకూర్పు. వీణ తీగ మీటినప్పుడు ప్రధానస్వరంతోపాటు సన్నని స్వరాలు కూడ మోగినట్లు, ఒక ముక్కలోని ప్రధాన, అప్రధాన గుణాలన్నీ కలిసి ఇచ్చే ప్రభావం ఇందులో లెక్కకు వస్తుంది. ఐదవది బౌద్ధికకూర్పు. రెండు బొమ్మల ఘర్షణనుండి ఒక ఆలోచనను పుట్టించేది ఇది.

ఆయన సమకాలికుడు పుదోవ్‌కిన్ ఈ ఘర్షణవాదాన్ని అంగీకరించలేదు. ఇటుకమీద ఇటుక పేర్చినట్లు ఖండాలు ఒకదానికొకటి అందుకొని కథను సాఫీగా నడపాలన్నది ఆయన మతం. సమాసభాషలో చెప్పదలిస్తే పుదోవ్‌కిన్‌ది ద్వంద్వం, ఐజెన్‌స్టీన్‌ది బహువ్రీహి. లోకంలోని చిత్రాలలో అధికభాగం మొదటి మార్గాన్నే అనుసరించాయి. హృదయాన్ని కుదిపివేయవలసిన ఘట్టం వచ్చినప్పుడు మాత్రం రెండవ మార్గాన్ని ఆశ్రయించక తప్పడంలేదు.

మెక్సికో దుఃఖం

1929లో ఐజెన్‌స్టీన్ అలెక్సాంద్రోవ్, టిస్సేలతో కలిసి విదేశయాత్రకు బయలుదేరాడు. శబ్దచిత్ర నిర్మాణాన్ని పరిశీలించడం ఆ యాత్రకు ఒక ప్రయోజనం. 1930లో హాలీవుడ్ చేరి పారమౌంట్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. ఆయన రచించిన చిత్రకథలు ఒక్కటీ చిత్రణకు నోచుకోలేదు. ఆ ఏడు గడవకముందే ఒప్పందం రద్దయింది. ఆ సమయంలో అమెరికా నవలాకారుడు అప్టన్ సింక్లేర్, ఆయన భార్య మెక్సికోలో ఒక చిత్రం తీయడానికి ధనసహాయం సమకూర్చారు. తీసిన ఫిల్మంతా ధనం పెట్టినవారికి చెందేటట్లు ఒప్పందం కుదిరింది.

1930 డిసెంబరులో మెక్సికో చేరిన బృందం ఏడాదికి పైగా ఆ దేశమంతా తిరిగి, దాదాపు రెండు లక్షల అడుగుల ఫిల్ము చిత్రించింది. నాందీ, నాలుగు కథలు, భరతవాక్యంగా ఆ కావ్యాన్ని ఆయన ఊహించాడు. ఖర్చు పెరిగింది, కాలం మించింది, మనస్పర్థలు ముదిరాయి. నాలుగవ కథ చిత్రించకముందే, 1932 ఆరంభంలో సింక్లేర్ నిర్మాణాన్ని నిలిపివేశాడు. ఐజెన్‌స్టీన్ మాస్కో తిరిగివెళ్ళాడు. ఫిల్ము అమెరికాలో ఉండిపోయింది.

చిత్రం కూర్పుబల్లమీద పుడుతుందని బోధించిన మనిషికి తన చిత్రాన్ని కూర్చే భాగ్యం లేకపోయింది. 1933లో ఆ ఫిల్మునుండి ఇతరులు 'థండర్ ఓవర్ మెక్సికో' అనే చిత్రాన్ని తయారుచేశారు. దానిలోని ప్రతి బొమ్మా ఐజెన్‌స్టీన్ తీయించినదే. చిత్రం మాత్రం ఆయనది కాదు. మరికొందరు మరికొన్ని కూర్పులు చేశారు. చాలాకాలానికి ఫిల్ము రష్యాకు చేరగా, 1979లో వృద్ధుడైన అలెక్సాంద్రోవ్ తన జ్ఞాపకాన్నిబట్టి ఒక రూపం ఇచ్చాడు. అప్పటికి ఐజెన్‌స్టీన్ మరణించి మూడు దశాబ్దాలు దాటింది.

మిగిలిన ఫ్రేములు

స్వదేశంలో కూడ పరిస్థితులు మారిపోయాయి. కూర్పు ప్రయోగాలను రూపవాదమని నిందించే కాలం వచ్చింది. 1935లో ఆరంభించిన 'బెజిన్ మైదానం' చిత్రాన్ని రెండేళ్ళ శ్రమ తరువాత, 1937 మార్చిలో అధికారులు నిలిపివేశారు. తన తప్పులను ఒప్పుకుంటూ ఆయన బహిరంగంగా ప్రకటన చేయవలసివచ్చింది. ఆ చిత్రం ఫిల్ము నశించిపోయింది. అయితే దృశ్యఖండాలనుండి కత్తిరించి దాచిన కొన్ని ఫ్రేములను ఆయన భార్య పేరా అతాషెవా భద్రపరచింది. 1967లో సెర్గీ యుత్కెవిచ్, నౌమ్ క్లేమన్ ఆ ఫ్రేములను వరుసగా పేర్చి, కదలని బొమ్మలతోనే చిత్రపు ఆకృతిని పునర్నిర్మించారు. కదలిక పూర్తిగా పోయినా, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ రావాలన్న క్రమంలో ఐజెన్‌స్టీన్ చేయి నేటికీ గుర్తుపట్టవచ్చు.

1938లో 'అలెక్సాండర్ నేవ్‌స్కీ' ఆయనను తిరిగి నిలబెట్టింది. 1242లో గడ్డకట్టిన సరస్సుమీద జరిగిన యుద్ధం దానికి ఇతివృత్తం. ఆ మంచు యుద్ధాన్ని ఎండాకాలంలో కృత్రిమమైన మంచుమీద చిత్రించారు. సంగీతకర్త ప్రొకోఫియెవ్‌తో ఆయన పొందిక అపూర్వమైనది. కొన్నిచోట్ల కూర్పు ముగిసిన దృశ్యాలకు సంగీతం రాయబడింది; కొన్నిచోట్ల ముందే సిద్ధమైన సంగీతానికి దృశ్యాలు కూర్చబడ్డాయి. చిత్రానికి శబ్దం కేవలం అనుకరణగా ఉండరాదని 1928లోనే పుదోవ్‌కిన్, అలెక్సాంద్రోవ్‌లతో కలిసి ఆయన ప్రకటించి ఉన్నాడు. మృదంగ విద్వాంసుడు గాయకుని ప్రతి అక్షరాన్నీ అనుకరించడు. తన నడకలో తాను సాగి సమం వద్ద కలుస్తాడు. బొమ్మకూ శబ్దానికీ అటువంటి సంబంధం ఉండాలని ఆయన ఆశయం. ఒకదాని తరువాత ఒకటి వచ్చే ముక్కల వరుసకు తోడు, ఒకే క్షణంలో బొమ్మమీద శబ్దం నిలిచే ఈ అమరికను నిలువుకూర్పు అని పిలిచాడు. జర్మనులను శత్రువులుగా చూపే ఈ చిత్రాన్ని, 1939 ఆగస్టులో రష్యా జర్మనీలు ఒడంబడిక చేసుకున్న వెంటనే ప్రదర్శననుండి తొలగించారు. 1941లో జర్మనీ దండెత్తగానే తిరిగి ప్రదర్శించారు. అవే ముక్కలు, అదే వరుస. మారినది కాలం మాత్రమే.

చివరి చిత్రం

మాస్కో చలనచిత్ర విద్యాలయంలో ఆయన చాలాకాలం ఆచార్యుడుగా పనిచేశాడు. కత్తెరకు ఇంతటి ప్రాధాన్యమిచ్చిన గురువు శిష్యులచేత చేయించిన అభ్యాసం ఒకటి ఆశ్చర్యం కలిగిస్తుంది. దొస్తొయెవ్‌స్కీ నవలలో వడ్డీవ్యాపారం చేసే ముసలమ్మ హత్యాఘట్టాన్ని ఎక్కడా కత్తిరించకుండా, కెమెరాను కదపకుండా, ఒకే దృశ్యఖండంలో చిత్రించే విధానం ఆలోచించమన్నాడు. పాత్ర కెమెరాకు దగ్గరగా రావడం, దూరం జరగడం, ముఖం తిప్పడం ఇవన్నీ అతుకు లేకుండానే అతుకు చేసే పనిని చేస్తాయని శిష్యులు గ్రహించారు. ఎక్కడ కత్తిరించాలో నేర్పడానికి ముందు, కత్తిరింపు ఎందుకు అవసరమో వారిచేత ఆయన ఆలోచింపజేశాడు.

యుద్ధకాలంలో మాస్కో చిత్రనిర్మాణశాలలు కజకిస్తాన్‌లోని ఆల్మా అటాకు తరలాయి. అక్కడ ఆయన 'ఇవాన్ ది టెరిబుల్' చిత్రాన్ని మూడు భాగాలుగా సంకల్పించి చిత్రించాడు. 1945లో విడుదలైన మొదటి భాగానికి స్టాలిన్ బహుమానం లభించింది. రెండవ భాగం కూర్పు ముగిసిన సమయంలో, 1946 ఫిబ్రవరి 2న, ఆ బహుమాన సందర్భంగా జరిగిన విందులో ఆయన గుండెనొప్పితో కుప్పకూలిపోయాడు. అనుమానంతో, ఒంటరితనంతో క్రూరుడుగా మారిన ప్రభువును చూపిన రెండవ భాగం స్టాలిన్‌కు నచ్చలేదు. ఆ ఏడే దానిని నిషేధించారు. 1947 ఫిబ్రవరిలో స్టాలిన్ ఆయనను పిలిపించి మాట్లాడి, చిత్రాన్ని సవరించడానికి అనుమతించాడు. కత్తెర తిరిగి ఆయన చేతికి వచ్చింది. కాని పరుల ఇష్టప్రకారం తన చిత్రాన్ని తాను కత్తిరించే పనికి ఆయన పూనుకోలేదు. 1948 ఫిబ్రవరిలో, యాభై ఏళ్ళ వయసులో, మాస్కోలో మరణించాడు. మూడవ భాగానికి తీసిన ఫిల్ములో అతిస్వల్పం తప్ప మిగిలినదంతా నాశనమైంది.

నేడు ఫిల్మూ, జిగురూ కూర్పుగదులనుండి దాదాపు సెలవు తీసుకున్నాయి. కంప్యూటరు తెరమీద, చేతిలోని ఫోనులో కూడ క్షణంలో ముక్క కత్తిరించి మరొక ముక్కకు చేర్చవచ్చు. తప్పు చేస్తే వెంటనే దిద్దుకోవచ్చు. పాఠశాల విద్యార్థులు కూడ ఈ పని చేయగలుగుతున్నారు. సాధనం మారినా ఆ నాలుగు నిర్ణయాలు మారలేదు. ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, పక్కన ఏది, ఎంతసేపు అన్నవి కూర్చేవాడే తేల్చుకోవాలి. చూసేవారికి కూడ ఇదే పాఠం. తెరమీద ఒక ముఖం పక్కన ఒక దృశ్యం కనిపించినప్పుడు, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టినది ఎవరు, ఏ ఉద్దేశంతో పెట్టారు అని ప్రశ్నించడం ఈ యుగంలో అక్షరజ్ఞానంతో సమానమైన విద్య.

ఐజెన్‌స్టీన్ మరణించిన పదేళ్ళకు, 1958లో, బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా వివిధ దేశాల చలనచిత్ర చరిత్రకారులు ఉత్తమ చిత్రాలను ఎంపికచేసి పొటెంకిన్‌కు ప్రథమస్థానమిచ్చారు. ఆ సంవత్సరమే ఆయన స్వదేశంలో ఇవాన్ రెండవ భాగం నిషేధం తొలగి వెలుగు చూసింది. దిద్దమన్నవారు గతించారు; దిద్దనివాడు కూడ గతించాడు. ప్రేక్షకులు చూసినది మాత్రం ఆయన కూర్చిన రూపాన్నే.